సొమ్మొకడిది, సోకొకడిది: హైజ్‌మన్‌లో రన్నింగ్ బ్యాక్ గోడు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ బొమ్మని ఒకసారి బాగా గమనించండి. ఆ కంచు మనిషి బంతి విసరట్లేదు. ఒక చంకలో బంతి ఇరికించుకుని, రెండో చెయ్యి బిగించి చాచి, మీదికొచ్చేవాణ్ణి తోసేస్తూ పరుగెడుతున్నాడు. 1930ల్లో ఫ్రాంక్ ఎలిస్క్యూ ఆ బొమ్మ చేసినప్పుడు నమూనాగా నిలబడ్డ ఎడ్ స్మిత్ న్యూయార్క్ యూనివర్సిటీలో బంతి పట్టుకుని పరుగెత్తేవాడే. అలాంటి బొమ్మని 2000 నుంచి 2025 దాకా 26 సార్లు ఇస్తే 21 సార్లు బంతి విసిరే క్వార్టర్‌బ్యాకే ఇంటికి పట్టుకెళ్లాడు. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లకి దక్కింది మూడుసార్లు: 2005లో రెజీ బుష్, 2009లో మార్క్ ఇంగ్రమ్, 2015లో డెరిక్ హెన్రీ. (బుష్ ట్రోఫీ 2010లో పోయి 2024లో తిరిగొచ్చింది, అది వేరే రామాయణం.) మిగతా రెండూ వేరే స్థానాల్లో ఆడే డివాంటా స్మిత్‌కీ, ట్రావిస్ హంటర్‌కీ వెళ్లాయి.

మొన్న 2025లోనూ అంతే. ఇండియానా క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా గెలిచాడు. నోటర్ డామ్ రన్నింగ్ బ్యాక్ జెరమాయా లవ్ మూడోవాడు. ఫలితం రాగానే ఏటా వినే మాటే మళ్లీ వినపడింది: "ఇది క్వార్టర్‌బ్యాక్ అవార్డు అయిపోయింది, ఓటర్లు కళ్లు మూసుకుని వేసేస్తున్నారు." మన దగ్గర మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఎప్పుడూ బ్యాటర్‌కే ఇస్తారని బౌలర్ల అభిమానులు గొణిగే గొణుగుడు ఉంటుంది చూడండి, అచ్చం అదే.

ఆ మాటలో సగమే నిజమని నా అభిప్రాయం. ఓటర్లకి పరుగు మీద మోజు తగ్గలేదు. అదే పరుగు క్వార్టర్‌బ్యాక్ తీస్తే నెత్తిన పెట్టుకుంటున్నారు, రన్నింగ్ బ్యాక్ తీస్తే మాత్రం లెక్క అడుగుతున్నారు. ఆ లెక్క కూడా ఇద్దరికీ ఒకటి కాదు. నా పేచీ అక్కడే.

పరుగు చేతులు మారిన తీరు

2001 విజేత ఎరిక్ క్రౌచ్‌నే తీసుకోండి. నెబ్రాస్కా క్వార్టర్‌బ్యాక్. ఆ సీజన్‌లో విసిరిన టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించి చేసే స్కోరు) పాస్‌లు 7, అవతలివాళ్ల చేతికి ఇచ్చినవి 10. ఈ అంకెలతో ఏ పాసింగ్ క్వార్టర్‌బ్యాక్‌నీ ట్రోఫీ ఇచ్చే న్యూయార్క్ వేడుక గుమ్మం కూడా ఎక్కనివ్వరు. క్రౌచ్ గెలిచింది కాళ్లతో: 1,115 గజాలు, 18 టచ్‌డౌన్లు. పేరుకి క్వార్టర్‌బ్యాక్, చేసింది రన్నింగ్ బ్యాక్ పని. తర్వాతవాళ్లని చూడండి. 2007లో టిమ్ టీబో పరుగెత్తి 23 టచ్‌డౌన్లు చేశాడు. సీజన్ మొత్తం మీద 2010లో క్యామ్ న్యూటన్ పరుగు 1,473 గజాలు, 2012లో జానీ మన్జెల్ 1,410, 2016లో లమార్ జాక్సన్ 1,571, 2023లో జేడెన్ డేనియల్స్ 1,134.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే పడగొడితే (సాక్) పోయిన గజాల్ని అతని పరుగు ఖాతాలోంచే కోస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో అలా కొయ్యరు. 2016 నవంబర్‌లో హూస్టన్ మీద లూయీవిల్ క్వార్టర్‌బ్యాక్‌కి ఒక్క రాత్రిలో 11 సాక్‌లు పడ్డాయి. అలాంటి కోతలన్నీ పోగా మిగిలినవే జాక్సన్ 1,571 గజాలు. నిజానికి అతను పరుగెత్తింది ఇంకా ఎక్కువ.

ఇది ఎలా సాధ్యమైందో మైదానంలో చూస్తేనే అర్థమవుతుంది. జోన్ రీడ్ అనే ఆట తీసుకుందాం. క్వార్టర్‌బ్యాక్ స్నాప్ (ఆట మొదలుపెడుతూ వెనక్కి అందించే బంతి) అందుకుని దాన్ని పక్కనున్న రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెడతాడు. ముందు వరస (లైన్) చివర ఉన్న డిఫెండర్‌ని ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ చూపంతా వాడి భుజాల మీదే. వాడు కదలకుండా నిలబడితే బంతి రన్నింగ్ బ్యాక్‌కి వదిలేస్తాడు. వాడు రన్నింగ్ బ్యాక్ మీదికి లోపలికి దూకాడా, బంతి వెనక్కి లాక్కుని వాడు ఖాళీ చేసిన చోటునుంచే క్వార్టర్‌బ్యాక్ దూసుకెళ్తాడు. వాడు ఎందుకు దూకాడు? ఆ రన్నింగ్ బ్యాక్ అంటే భయం కాబట్టి. అంతకుముందు పది స్నాప్‌ల్లో ఆ రన్నింగ్ బ్యాక్ గుద్దించుకుని, మూడేసి నాలుగేసి గజాలు తవ్వి తీశాడు కాబట్టి. పదకొండోసారి క్వార్టర్‌బ్యాక్ ఒంటరిగా 60 గజాలు పరుగెడితే వీడియోలో కనిపించేది అతనొక్కడే. ఖాళీ చేతుల్ని పొట్టకి హత్తుకుని ఇద్దరు లైన్‌బ్యాకర్ల కింద పడి ఉన్నవాణ్ణి స్కోర్‌షీట్‌లో ఎక్కడా రాయరు.

2007నాటి పోలిక చాలు

అర్కన్సా రన్నింగ్ బ్యాక్ డారెన్ మెక్‌ఫాడెన్ 2006లోనూ 2007లోనూ రెండో స్థానంలోనే ఆగిపోయాడు. మొదటిసారి ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ స్మిత్ చేతిలో. ఆ ఏడు ఒహాయో స్టేట్ ఓటింగ్ నాటికి ఓటమి లేకుండా ఉంది, కాబట్టి అక్కడ పెద్దగా వాదించడానికేం లేదు. రెండోసారి టీబో చేతిలో, అదే నాకు మింగుడుపడదు.

మెక్‌ఫాడెన్ కేవలం పరుగు తియ్యలేదు. అర్కన్సా అతన్ని క్వార్టర్‌బ్యాక్ నిలబడే చోట నిలబెట్టి స్నాప్ నేరుగా అతనికే ఇచ్చేది. అక్కణ్నుంచి పరుగెత్తేవాడు, ఇంకొకడికి ఇచ్చేవాడు, అవసరమైతే టచ్‌డౌన్ పాస్ విసిరేవాడు. ఆ సీజన్ చివర్లో ఎల్ఎస్‌యూని మూడు ఓవర్‌టైమ్‌ల తర్వాత 50–48తో ఓడించిన ఆటలో 206 గజాలు పరుగెత్తాడు, ఒక టచ్‌డౌన్ విసిరాడు కూడా. సీజన్ మొత్తం 1,830 గజాలు. ఆ ఎల్ఎస్‌యూయే ఆ ఏడు జాతీయ ఛాంపియన్.

అంటే ఆ ఏడు బ్యాలట్ మీద ఇద్దరున్నారు. ఒకడు రన్నింగ్ బ్యాక్ పని చేసే క్వార్టర్‌బ్యాక్, ఇంకొకడు క్వార్టర్‌బ్యాక్ పని చేసే రన్నింగ్ బ్యాక్. మొదటివాడికి ఓట్లలో 1,957 పాయింట్లు, రెండోవాడికి 1,703. గెలుపోటములు చూస్తే టీబో జట్టు ఫ్లోరిడా 9–3, అర్కన్సా 8–4. ఒక్క గెలుపు తేడా. టీబోకి అన్యాయంగా ఇచ్చారని నేననను. 32 టచ్‌డౌన్ పాస్‌లు కూడా ఉన్నవాడు అతను, చేత్తో చేసిన పని మెక్‌ఫాడెన్‌కంటే ఎంతో ఎక్కువ. నేననేది ఇంతే: అటునుంచి ఇటు గీత దాటితే అద్భుతం అన్నారు, ఇటునుంచి అటు దాటితే గమ్మత్తుగా ఉందన్నారు.

ఆ 9–3 అనే అంకె మీద కాస్త ఆగుదాం. ఓటింగ్ నాటికి మూడు ఓటములున్న జట్టునుంచి గెలిచిన క్వార్టర్‌బ్యాక్‌లు ఈ కాలంలో టీబో, 2011లో రాబర్ట్ గ్రిఫిన్, 2016లో జాక్సన్, 2023లో డేనియల్స్. నలుగురి జట్లూ 9–3. మరి అదే కాలంలో గెలిచిన రన్నింగ్ బ్యాక్‌లు? బుష్ సదరన్ కాల్, ఇంగ్రమ్, హెన్రీల అలబామా, మూడు జట్లూ ఆ సీజన్‌లో జాతీయ టైటిల్ ఆట ఆడినవే. 2009లో స్టాన్‌ఫర్డ్ టోబీ గెర్‌హార్ట్ ఇంగ్రమ్ కంటే దాదాపు 200 గజాలు ఎక్కువ పరుగెత్తాడు, టచ్‌డౌన్లు కూడా ఎక్కువే. 28 పాయింట్ల తేడాతో ఓడిపోయాడు. ఈ ట్రోఫీ చరిత్రలో అంత దగ్గరి పోటీ అంతకుముందు లేదు. గెర్‌హార్ట్ జట్టు 8–4. ఇలా చూస్తే క్వార్టర్‌బ్యాక్‌కి మంచి సీజన్ చాలు, రన్నింగ్ బ్యాక్‌కి మంచి సీజన్‌తో పాటు మంచి జట్టు కూడా కట్నంగా తేవాలి. 1998లో ఇలా లేదు. టెక్సస్ 8–3గా ఉన్నా రన్నింగ్ బ్యాక్ రికీ విలియమ్స్‌కి ఇచ్చారు.

స్కోర్‌బోర్డు తినేసే క్యారీలు

క్వార్టర్‌బ్యాక్ జట్టు ఏ పరిస్థితిలో ఉన్నా అతని చేతిలో పని ఉంటుంది. వెనకబడితే మరీ ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే గడియారం ఆపాలంటే పాసే మార్గం. రన్నింగ్ బ్యాక్ సంగతి వేరు. జట్టు 28 పాయింట్లు ముందుంటే గాయం తగలకుండా బెంచీ మీద కూర్చోబెడతారు. 28 వెనకుంటే ప్లే షీట్లోంచే తీసేస్తారు. అతనికి పని దొరికేది ఆ మధ్యలో, పోటాపోటీగా సాగే ఆటల్లోనే.

2021లో మిషిగన్ స్టేట్ కెన్నెత్ వాకర్‌కి సరిగ్గా ఇదే జరిగింది. అక్టోబర్ 30న మిషిగన్ మీద 197 గజాలు, 5 టచ్‌డౌన్లు. జట్టు 37–33తో గెలిచింది. ఆ వారం అందరి నోటా అతని పేరే. మూడు వారాల తర్వాత, నవంబర్ 20న కొలంబస్‌లో ఒహాయో స్టేట్ మొదటి సగానికే 49–0కి ఎక్కించేసింది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్ ఆ సగంలోనే 6 టచ్‌డౌన్లు విసిరాడు. వాకర్‌కి ఆట మొత్తంలో వచ్చింది 6 క్యారీలు (బంతి చేతికిచ్చి పరుగెత్తించిన సార్లు), 25 గజాలు. అదే రోజు అలబామాలో, ఆ ఏటి ట్రోఫీ గెలవబోయే క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ 559 గజాలు విసిరాడు.

అక్కడితో వాకర్ కథ ముగిసింది. ఆరో స్థానం. మరుసటి వారం స్ట్రౌడ్ జట్టు, వాకర్ ఓడించిన ఆ మిషిగన్ చేతిలోనే 42–27తో ఓడింది. కానీ వెనకబడ్డ జట్టు క్వార్టర్‌బ్యాక్ కాబట్టి ఆ ఓటమిలోనూ స్ట్రౌడ్ ఖాతాలో 394 గజాలు పడ్డాయి. అతన్ని న్యూయార్క్ పిలిచారు. వాకర్‌ని పిలవలేదు. తమాషా ఏమిటంటే, ఆ ఏడు దేశంలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే వాల్టర్ క్యాంప్ అవార్డు వాకర్‌దే. మిషిగన్ స్టేట్ డిఫెన్స్ 49 పాయింట్లు ఇచ్చినందుకు జరిమానా కట్టింది మాత్రం వాకర్.

జెంటీ: పదమూడు ఆటల లెక్క

ఇక 2024. బాయిసీ స్టేట్ రన్నింగ్ బ్యాక్ ఆష్టన్ జెంటీ. (డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే తెలుగువాళ్లకి ఈ పేరు కొత్త కాదు, లోన్ స్టార్ హైస్కూల్ కుర్రాడు.) స్నాప్‌కి ముందు మోకాళ్లు వంచకుండా, చేతులు వేలాడేసుకుని బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడతాడు. బంతి చేతికొచ్చాక మొదటివాడు పట్టుకున్నా ఆగడు. కబడ్డీలో నలుగురు కాళ్లకి చుట్టుకున్నా గీత వైపే ఈడ్చుకుపోయే రైడర్ ఉంటాడే, ఆ బాపతు. తగిలాక తీసే గజాలే అతని అసలు సొత్తు. అందుకే "అదంతా ముందు దారి చేసే లైన్ గొప్పతనం" అనే వాదన అతని దగ్గర పెద్దగా పనిచెయ్యదు.

ఓటింగ్ నాటికి 13 ఆటలు, 344 క్యారీలు, 2,497 గజాలు, సగటు 7.3. అందరూ చూసింది ఈ వరసే. దీన్ని రెండు ముక్కలు చేసి చూడండి. మొదటి 5 ఆటల్లో 95 క్యారీలు, 1,031 గజాలు, క్యారీకి దాదాపు 10.9. తర్వాతి 8 ఆటల్లో 249 క్యారీలు, 1,466 గజాలు, క్యారీకి 5.9. ఆటకి 19 క్యారీలు మోసినవాడు తర్వాత ఆటకి 31 మోశాడు. పోర్ట్‌లాండ్ స్టేట్, యూటా స్టేట్ ఆటల్లో గెలుపు ముందే ఖాయమై రెండో సగంలో ఎక్కువసేపు బెంచీ మీదే కూర్చున్నాడు, రెంటికీ కలిపి 24 క్యారీలే. ఆ తర్వాత అలాంటి విశ్రాంతి లేదు. నెవాడా మీద 34, ఒరెగన్ స్టేట్ మీద 37.

ఈ రెండో ముక్క చూసి "చివర్లో పడిపోయాడు" అన్నవాళ్లున్నారు. నేను దాన్ని తిరగేసి చదువుతాను. అవతలి జట్లన్నీ ఎనిమిదేసిమందిని లైన్ దగ్గరికి తెచ్చి ఇతనొక్కడికోసమే కాపు కాసినా, రోజుకి 31 సార్లు గుద్దించుకుంటూ క్యారీకి దాదాపు 6 గజాలు తీశాడు. మొదటి ముక్కలో పోర్ట్‌లాండ్ స్టేట్ లాంటి కింది డివిజన్ జట్టుంది, నిజమే. ఒరెగన్ కూడా ఉంది. ఓటింగ్ నాటికి ఓటమి లేని ఒరెగన్ మీద, వాళ్ల సొంత మైదానంలో, 25 క్యారీల్లో 192 గజాలు. బాయిసీ 37–34తో ఓడింది కానీ "చిన్న కాన్ఫరెన్స్ (బలహీన జట్ల లీగ్) అంకెలు" అన్న మాటకి ఆ ఒక్క ఆటే జవాబు.

సగటు మోసం చేస్తుందన్న మాట కూడా ఒప్పుకోవాలి. కాన్ఫరెన్స్ ఫైనల్లో యూఎన్ఎల్‌వీ మీద 32 క్యారీలు, 209 గజాలు, అంటే 6.5. అందులో ఒకటి 75 గజాల టచ్‌డౌన్. దాన్ని తీసేస్తే 31 క్యారీల్లో 134, సగటు 4.3. రన్నింగ్ బ్యాక్‌ని తూచేటప్పుడు నేను ఎప్పుడూ అతి పెద్ద పరుగు ఒకటి పక్కన పెట్టి మిగతావి చూస్తాను. పెద్ద పరుగు లెక్క కాదని కాదు, అది లేని రోజున జట్టుకి ఏం మిగులుతుందో తెలియాలి కదా. ఆ 4.3తో కూడా మూడు క్యారీలకి పది గజాలు దాటి ఒక ఫస్ట్ డౌన్ (మళ్లీ కొత్తగా నాలుగు అవకాశాలు) గిడుతుంది.

అయినా జెంటీ ఓడింది క్వార్టర్‌బ్యాక్ చేతిలో కాదు. హంటర్‌కి 2,231 పాయింట్లు, జెంటీకి 2,017. క్వార్టర్‌బ్యాక్‌లు డిలన్ గేబ్రియల్, క్యామ్ వార్డ్ మూడు, నాలుగు. ఒక్కో ఆటలో నూరుకి పైగా స్నాప్‌లు, అటు పాస్ పట్టే రిసీవర్‌గా ఇటు పాస్ ఆపే కార్నర్‌గా ఆడిన మనిషి హంటర్. నా చేతిలో ఓటుంటే నేనూ మొదటి పేరు హంటర్‌దే రాసేవాణ్ణి. రన్నింగ్ బ్యాక్ ఓడినప్పుడల్లా అన్యాయమని అరిస్తే నిజంగా అన్యాయం జరిగిన వాకర్, గెర్‌హార్ట్‌ల మాట ఎవరూ వినరు. 2014లో మెల్విన్ గోర్డన్ 2,587 గజాలు పరుగెత్తి క్వార్టర్‌బ్యాక్ మార్కస్ మారియోటా చేతిలో ఓడాడు. అది కూడా సరైన తీర్పే.

బ్యాలట్ మీద మూడు పేర్లు రాయాలి, 3–2–1 పాయింట్లు. హంటర్‌కి మొదటి ఓట్లు 552, అంటే 1,656 పాయింట్లు అక్కణ్నుంచే. జెంటీ మొదటి ఓట్లు 309, అవి 927. మిగతా 1,090 రెండు, మూడు గడుల్లోంచి వచ్చాయి. సగానికి పైగా అన్నమాట. ఓటర్లకి అతను కనపడలేదని అనలేం. బాగానే కనపడ్డాడు, రెండో గడిలో.

నా వాదనకి గట్టి దెబ్బ

ఆట గెలిపించే విలువ చూస్తే క్వార్టర్‌బ్యాకే ఎక్కువ. ప్రతి స్నాపూ అతని చేతి మీదుగానే వెళ్తుంది. మంచి పాస్ ఇచ్చే లాభం మంచి పరుగు ఇవ్వలేదు. దీంతో నాకు తగాదా లేదు. 2019లో జో బరో 60 టచ్‌డౌన్ పాస్‌లు విసిరిన సీజన్‌కి ఎదురుగా ఏ రన్నింగ్ బ్యాక్‌నైనా నిలబెట్టమంటే నేను నిలబెట్టలేను. పైగా జట్లు ఇప్పుడు భారం ఇద్దరు ముగ్గురికి పంచుతున్నాయి. లవ్ 2025లో మోసింది 199 క్యారీలు, తీసింది 1,372 గజాలు. సగటు 6.9, అద్భుతం. కానీ 2,000 దగ్గరికి రావాలంటే ఇంకో 90 క్యారీలైనా కావాలి, బుద్ధున్న కోచ్ ఎవడూ అన్ని ఇవ్వడు. 2015లో హెన్రీకి ఆబర్న్ మీద 46, ఆ మరుసటి వారం ఫ్లోరిడా మీద 44 క్యారీలు ఇచ్చారు. ఎనిమిది రోజుల్లో 90. అతనికి ట్రోఫీ వచ్చింది, నిజమే. అలా మోస్తే తప్ప ఇవ్వమనే పోటీ మాత్రం మంచిది కాదు. 2007లో సెంట్రల్ ఫ్లోరిడా కెవిన్ స్మిత్ 450 క్యారీలు మోసి 2,567 గజాలు తీసినా అతన్ని న్యూయార్క్ పిలవనే లేదు.

ఇంకోటి. 1973 నుంచి 1983 దాకా వరసగా పదకొండేళ్లు ఈ ట్రోఫీ రన్నింగ్ బ్యాక్‌లకే వెళ్లింది. 1982లో రెండో స్థానంతో సరిపెట్టుకున్నవాడు క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వే. అప్పట్లో దీన్ని రన్నింగ్ బ్యాక్ అవార్డని ఎవరైనా దెప్పి ఉంటే ఆ దెప్పుడు న్యాయమే. ఆనాటి మొగ్గు తప్పైతే ఈనాటి మొగ్గు దానికి విరుగుడేమో అని నాకూ ఒక్కోసారి అనిపిస్తుంది.

కానీ ట్రోఫీ మీద ఉన్న మాట "అత్యుత్తమ", "అత్యంత విలువైన" కాదు. విలువే కొలబద్ద అయితే హంటర్‌కి కూడా ఇవ్వకూడదు, గేబ్రియల్‌కి ఇవ్వాలి. ఇవ్వలేదు, ఎందుకంటే ఓటర్లు అక్కడ ఆశ్చర్యానికి ఓటేశారు. మరి అదే ఆశ్చర్యం రన్నింగ్ బ్యాక్ దగ్గరికొచ్చేసరికి 2,628 అనే అంకె అడుగుతుంది. ఒక సీజన్ పరుగు గజాల్లో రన్నింగ్ బ్యాక్ బారీ శాండర్స్ 1988లో నెలకొల్పిన రికార్డు అది, 11 ఆటల్లో. జెంటీ సీజనంతా ఆ అంకెతోనే పోటీపడ్డట్టు నడిచింది. చివరికి ఓట్లన్నీ అయిపోయాక, రెగ్యులర్ సీజన్ తర్వాత ఆడే ఫియెస్టా బౌల్ ఆటలో పెన్ స్టేట్ మీద 30 క్యారీల్లో 104 గజాలు తీసి 2,601 దగ్గర ఆగాడు, 27 గజాలు తక్కువ.

శాండర్స్‌కి ఓటేసినవాళ్లు మాత్రం ఆ 2,628ని చూడనే లేదు. అప్పట్లో బౌల్ ఆటలు లెక్కలోకి వచ్చేవి కావు, పైగా ఒక్లహోమా స్టేట్ చివరి ఆట టోక్యోలో, టెక్సస్ టెక్ మీద. హైజ్‌మన్ గెలిచిన కబురు శాండర్స్‌కి ఆ ఆటకి ముందే, అక్కడే అందింది. తర్వాత మైదానంలోకి దిగి 332 గజాలు పరుగెత్తాడు. అంటే ఓటర్ల కళ్ల ముందున్నది 10 ఆటలు, 2,296 గజాలు, 8–2 జట్టు. రెండో స్థానం క్వార్టర్‌బ్యాక్ రాడ్నీ పీట్‌ది. మూడోవాడు ట్రాయ్ ఐక్‌మన్.